‘నాకు రాదు సార్’: ఆత్మవిశ్వాసపు కొలతలూ, మన కథలూ

తరగతి గదిలో రెండు మాటలు తరచుగా వినపడుతుంటాయి. ఒకటి ‘తెలియదు సార్’. రెండవది ‘నాకు రాదు సార్’. పైకి రెండూ ఒకటేలా ఉంటాయి. కాని మొదటిది పాఠాన్ని గురించి పిల్లవాడు చెప్పే మాట. రెండవది తనను గురించి తాను ఇచ్చుకునే తీర్పు. తెలియనిది రేపు తెలుస్తుంది. ‘రాదు’ అన్న తీర్పు మాత్రం బడితో ఆగదు. ఇంటర్మీడియట్‌కూ, డిగ్రీకీ, చివరికి ఉద్యోగానికి దరఖాస్తు నింపే బల్లదాకా అతనితోపాటే నడిచివస్తుంది. అక్కడ అతను దరఖాస్తు పక్కకు పెట్టి, ‘అది మనలాంటోళ్లకు కాదు’ అంటాడు. బడిలో ‘నాకు’ అన్నవాడు కాలేజీకి వచ్చేసరికి ‘మనలాంటోళ్లకు’ అంటున్నాడు. ఈ మధ్యలో ఏం జరిగింది?

దీనికి మన సమాజం చాలాకాలం రెండు జవాబులే చెప్పింది. పాతవాళ్లు తలరాత అన్నారు. చదువుకున్నవాళ్లు తెలివి అన్నారు, ఇప్పుడు మెరిట్ అంటున్నారు. రెండింటి సారం ఒకటే. ఉన్నవాడికి ఉంది, లేనివాడికి లేదు, ఎవరినీ అడగటానికి వీల్లేదు. మూడవ జవాబు ఒకటి మనస్తత్వశాస్త్రంలో నుంచి వచ్చింది. ‘నేను చేయగలను’ అన్న నమ్మకం పుట్టుకతో రాదనీ, నేర్చుకునే క్రమంలో ఎదురైన అనుభవాల్లోంచి తయారవుతుందనీ, ఆ అనుభవాలను ప్రశ్నలు వేసి లెక్కకట్టవచ్చుననీ ఆ శాస్త్రం చెబుతున్నది. కాలేజీ విద్యార్థుల కోసం అటువంటి ప్రశ్నావళులు తయారుచేశారు కూడా.

సాహిత్య పత్రికలో ప్రశ్నావళుల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ప్రశ్నావళి కూడా ఒక రచనే. దానిలోనూ ఒక ‘నేను’ ఉంటుంది. ఆ ‘నేను’ ఏ వర్గం వాడు, ఏ ఇంటినుంచి వచ్చాడు, అతని చేత ఏమి చెప్పించారు, ఏమి చెప్పించకుండా వదిలేశారు అని అడగటం విమర్శకుని పనే. అదీగాక ఆ ప్రశ్నావళి పక్కన పెట్టి చూస్తే మన కథల బలమూ, బలహీనతా రెండూ కొత్తగా కనపడతాయి.

1

ముందు ఆ కొలత ఏమిటో చూద్దాం. కెనడాలోని మండేర్ అనే చిన్న ఊళ్లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆల్బర్ట్ బందూరా 1977లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఒక పని చేయగలనన్న నమ్మకానికి నాలుగు ఊటలు ఉంటాయన్నాడు. ఒకటి, స్వయంగా చేసి నెగ్గటం. రెండు, తనవంటి వాళ్లు చేస్తుండగా చూడటం. మూడు, తాను లెక్కచేసే మనుషులు ‘నువ్వు చేయగలవు’ అనటం. నాలుగు, ఆ పనిముందు నిలబడ్డప్పుడు ఒంటిలో కలిగే వణుకో, హుషారో.

ఆ రోజుల్లో ఆయనా, ఆయన సహచరులూ పామంటే విపరీతంగా భయపడే మనుషులతో ప్రయోగాలు చేశారు. కొందరికి పామును పట్టుకునే మనిషిని చూపించారు. కొందరిచేత అంచెలంచెలుగా, పక్కన తోడుండి, పామును ముట్టించారు. చూసినవాళ్లకు ధైర్యం వచ్చింది. ముట్టినవాళ్లకు అంతకన్నా ఎక్కువ వచ్చింది. ఆచరణే జ్ఞానానికి మూలమని 1937లో మావో రాసిన ‘ఆచరణ గురించి’ చదివినవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు. కాకపోతే జ్ఞానానికేగాక, జ్ఞానం నాకు అందుతుందన్న నమ్మకానికి కూడా ఆచరణే మూలమని బందూరా ప్రయోగశాలలో చూపించాడు.

1981లో గెయిల్ హాకెట్, నాన్సీ బెట్జ్ అనే ఇద్దరు స్త్రీలు ఈ సిద్ధాంతాన్ని స్త్రీల ఉద్యోగాల సమస్యకు వర్తింపజేశారు. ఆడపిల్లలు కొన్ని చదువులవైపు, కొన్ని ఉద్యోగాలవైపు వెళ్లకపోవటానికి సామర్థ్యం లేకపోవటం కారణం కాదనీ, ఆ నాలుగు ఊటలూ వారికి చిన్ననాటినుంచే సరిగా అందకపోవటమనీ వాదించారు. 1994లో లెంట్, బ్రౌన్, హాకెట్ ముగ్గురూ కలిసి దీన్ని పూర్తి సిద్ధాంతంగా అల్లారు. దాని ఆధారంగా షాబ్, టోకార్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన పరిశోధనలో 120 వాక్యాల ప్రశ్నావళిని వాడారు. జాన్ హాలండ్ అనే మరో శాస్త్రజ్ఞుడు లోకంలోని పనులన్నింటినీ ఆరు తెగలుగా విభజించాడు. పనిముట్లతో చేసేవి, శోధించేవి, కళలు, మనుషులకు సాయపడేవి, వ్యాపార నాయకత్వానివి, లెక్కాపత్రాలవి. ఆరు తెగల పనులు, ఒక్కొక్కదానికి నాలుగు ఊటలు, ఒక్కొక్క ఊటకు ఐదు వాక్యాలు. మొత్తం 120. ప్రతి వాక్యమూ గడిచిన అనుభవాన్ని గురించి ‘నేను’ అని చెప్పుకునే వాక్యం. దానితో తాను ఎంతవరకు ఏకీభవిస్తాడో విద్యార్థి అంకె వేస్తాడు.

2

ఈ కొలతను ‘అమెరికా సరుకు’ అని తోసిపుచ్చటం సులభం. కాని అందులో ఒక ప్రగతిశీలమైన అంశం ఉన్నది. దాన్ని ముందు గుర్తించాలి.

తెలివితేటల పరీక్ష విద్యార్థిని ‘నీలో ఎంత ఉంది?’ అని అడుగుతుంది. ఈ ప్రశ్నావళి ‘నీకు ఏమి దొరికింది?’ అని అడుగుతుంది. చేసి చూసే అవకాశం దొరికిందా? చేసేవాణ్ణి దగ్గరినుంచి చూడటం దొరికిందా? ఒక మంచిమాట దొరికిందా? మెరిట్ అనే మాటకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు. ఒకే మార్కులు తెచ్చుకున్న ఇద్దరు పిల్లల్లో ఒకడికి ఇంట్లో డాక్టరు మేనమామ ఉన్నాడు. ఇంకొకడు డాక్టరును ఎప్పుడు చూసినా ఓపీ చీటీ పట్టుకుని వరుసలో నిలబడి చూసినవాడే. కాకతీయ మెడికల్ కాలేజీ వరంగల్లులో 1959 నుంచీ ఉన్నది. రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి పునాది పడ్డది కూడా ఆ సంవత్సరమే, 2002లో అది ఎన్.ఐ.టి. అయింది. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో వచ్చింది. ఆ గేట్లముందునుంచి రోజూ బస్సులో పోయే పిల్లలందరికీ ఆ భవనాలు ఒకేలా కనపడతాయి. లోపలికి పోయివచ్చిన మనిషి ఇంట్లో ఉన్నవాడికే ఆ గేటు తెరిచి ఉన్నట్టు కనపడుతుంది.

అంతేకాదు, ఒకసారి గేటు దాటినంత మాత్రాన అందరికీ ఒకే అనుభవం దొరకదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితిని గురించి థోరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. తరగతిలో, పరీక్షల్లో, హాస్టల్లో ఎదురైన వివక్షను గురించి ఆ విద్యార్థులు చెప్పింది అందులో నమోదై ఉన్నది. అదే కాలేజీ, అవే పాఠాలు, అదే సిలబస్. నాలుగు ఊటల్లో ఒక్కొక్కటీ ఎలా ఎండిపోతుందో తెలుసుకోవటానికి ఆ నివేదిక చాలు.

3

ఇక లోపాల సంగతి. మొదటి చిక్కు భాషలోనే ఉన్నది. ‘కెరీర్’ అన్న మాటను తెలుగులో ఏమనాలి? పాఠ్యపుస్తకాలు ‘వృత్తి’ అంటాయి. మన దేశంలో వృత్తి అంటే ఎన్నుకున్న పని అన్న అర్థం ఈమధ్య వచ్చింది. అంతకుముందు వేల సంవత్సరాలు అది పుట్టుకతో మెడకు పడ్డ పని. ‘ఉద్యోగం’ అంటే సర్కారు కొలువు. తెలంగాణలో మామూలు జనం వాడే మాట ‘బతుకుదెరువు’. కెరీర్ అన్నప్పుడు ఎదుట మెట్లు కనపడతాయి. బతుకుదెరువు అన్నప్పుడు వెనక తరుముతున్న ఆకలి కనపడుతుంది. ఒకే ప్రశ్నను ఈ రెండు మాటల్లో అడిగితే రెండు జవాబులు వస్తాయి. కాబట్టి ఇక్కడి పిల్లలకు ఆ వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు తెనిగించి ఇస్తే వచ్చే అంకెలు మన జీవితాన్ని చెప్పవు.

ఒక ఉదాహరణ చెబుతాను. మా బడిలో చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్న కుర్రవాడొకడు కొత్తవాడ నుంచి వచ్చినవాడు. వరంగల్ కొత్తవాడ జంపఖానాలు నేసే చోటు. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంట్లో మగ్గం ఉన్నది. పన్నెండో ఏటినుంచే దానిమీద కూర్చుంటున్నాడు. మాటల మధ్య అతన్ని అడిగాను, ‘పనిముట్లతో చేసే పని ఏదన్నా నీకు బాగా వచ్చునా?’ అని. ‘ఏం రాదు సార్’ అన్నాడు. ‘మరి మగ్గం?’ అన్నాను. నవ్వి, ‘అది పని కాదు సార్, ఇంట్ల చేసేదే గదా’ అన్నాడు.

హాలండ్ ఆరు తెగల్లో పనిముట్ల తెగ మొదటిది. ఆ లెక్కన మన చేనేత, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి ఇళ్ల పిల్లలకు ఆ తెగలో ఉండే అనుభవం ఏ ఇంజనీరు కొడుక్కూ ఉండదు. స్వయంగా చేసి నెగ్గటం అనే మొదటి ఊట వాళ్ల ఇంటి నడుమనే ఉన్నది. అయినా దానిలోంచి నమ్మకం పుట్టలేదు. ఎందుకంటే చేసిన పనికి సమాజం విలువ కట్టలేదు. దారం లెక్కపెట్టే చేతిని లెక్కల పుస్తకం ఎన్నడూ గుర్తించలేదు. 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు మూతబడ్డప్పుడు ఈ నగరం ఇంకో పాఠం కూడా నేర్చుకున్నది. పని ఎంత బాగా వచ్చినా ఆ పనే ఉండకపోవచ్చునన్న పాఠం అది. నేర్పు ఉన్న తండ్రి కూలీ అడ్డామీద నిలబడటం చూసిన కొడుక్కు రెండవ ఊటలోంచి ఏమి అందుతుంది?

అణచబడినవాళ్లు, అణచినవాళ్లు తమ గురించి చెప్పిన మాటలనే తమ సొంత అభిప్రాయంగా మార్చుకుంటారని బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరి రాశాడు. కొత్తవాడ కుర్రవాడి నవ్వులో ఉన్నది అదే. ప్రశ్నావళి అతనికి తక్కువ అంకె వేసి ఊరుకుంటుంది. ఆ అంకె అబద్ధం కాదు. కాని అది అతని అనుభవానికి వేసిన అంకె కాదు, అతని అనుభవానికి లోకం కట్టిన ధర.

4

రెండవ చిక్కు మూడవ ఊటకు, అంటే మాటకు సంబంధించినది. నలుగురు చెప్పే ధైర్యం ఉపయోగపడుతుంది గాని, చేసి చూడటం తోడు లేకపోతే అది నిలవదని బందూరాయే హెచ్చరించాడు. మన సాహిత్యంలో ఈ సంగతిని 1892లోనే రంగస్థలం మీద పెట్టినవాడు గురజాడ. ‘కన్యాశుల్కం’లో వెంకటేశం పరీక్ష తప్పాడు. గిరీశం అతనికి గురువు. ఆ గురువు దగ్గర చేసి చూపించే విద్య ఏదీ లేదు, మాట ఒక్కటే ఉన్నది. శిష్యుడి తల్లి ముచ్చటపడి ఇంగ్లీషులో మాట్లాడమంటే ఇద్దరూ కలిసి నోటికి వచ్చిన ముక్కలు అప్పగించి పబ్బం గడుపుకుంటారు. ఇల్లంతా మురిసిపోతుంది. ఆ సన్నివేశానికి నవ్వని తెలుగువాడు లేడు. కాని వెంకటేశానికి అక్కడ దొరికిందేమిటి? రానిదాన్ని వచ్చినట్టు చూపించవచ్చునన్న ధైర్యం. దానికి ఆత్మవిశ్వాసమని పేరు పెట్టటం మన కాలం చేసిన పని.

ఈనాడు వ్యక్తిత్వ వికాస తరగతులు పేరుపెట్టి కాలేజీల్లో జరుగుతున్న ఉపన్యాసాలు చాలావరకు గిరీశం లెక్చర్లకు వారసులే. ‘నువ్వు తలుచుకుంటే చేయగలవు’ అని గంటసేపు చెబుతారు. చప్పట్లు మోగుతాయి. ప్రయోగశాలలో బీకరు ముట్టుకోని విద్యార్థి మళ్లీ ముట్టుకోకుండానే ఇంటికి పోతాడు. అంతకన్నా అన్యాయమేమంటే, ఆ తర్వాత అతను ఓడిపోతే తలుచుకోకపోవటం నేరమవుతుంది. ఊటలు ఎండగట్టినవాళ్లు నిర్దోషులవుతారు.

మూడవ చిక్కు జ్ఞాపకానికి సంబంధించినది. ప్రశ్నావళి గడిచినదాన్ని అడుగుతుంది. గుర్తున్నవాళ్లే జవాబు చెప్పగలరు. పి.సత్యవతి కథ ‘ఇల్లలకగానే’లోని గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరచిపోతుంది. ఎవరినడిగినా ఫలానావారి భార్యవనో, ఫలానావారి తల్లివనో చెబుతారే తప్ప పేరు చెప్పరు. సర్టిఫికెట్ల కోసం పుట్టింటికి పోతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు పేరుపెట్టి పిలిచి, చదువులోనూ, పాటలోనూ, బొమ్మలు వేయటంలోనూ ఆమె ఎట్లా ముందుండేదో గుర్తుచేసిన తర్వాతనే శారద శారద అవుతుంది. ఆ స్నేహితురాలు ఎదురుపడటానికి ముందురోజు ఎవరైనా శారదచేత 120 వాక్యాలకు అంకెలు వేయించి ఉంటే? ఆమెకు అనుభవాలు లేవనే లెక్క తేలేది. కొలతబద్దకు అందనిది కథకు అందింది. నేర్చుకున్న అనుభవం ఒక్కరి తలలో దాచుకున్న సొమ్ము కాదు. అది నలుగురి మధ్య ఉంటుంది. నలుగురూ గుర్తుచేస్తేనే మనదవుతుంది.

5

ఇక్కడికి మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. ‘నాకు రాదు’ అన్నది ‘మనలాంటోళ్లకు కాదు’గా ఎందుకు మారింది? ప్రశ్నావళి ‘నేను’తో మొదలై ‘నేను’తో ముగుస్తుంది. జీవితం మాత్రం ‘మనం’ అని జవాబు చెబుతున్నది. ఎదిగేకొద్దీ పిల్లవాడు తన ఓటమి తన ఒక్కడిది కాదని గ్రహిస్తున్నాడు. ఆ గ్రహింపు నిజమే. దానినుంచి తీసిన తీర్మానమే తప్పు. ఆ తీర్మానాన్ని తిరగరాయటం కూడా ‘మనం’తోనే జరిగిందని చరిత్ర చెబుతున్నది.

నిజాం రాజ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. బళ్లలోనూ ఉర్దూయే రాజ్యమేలింది. తెలుగు పిల్లవాడికి తన భాషలో చదివి నెగ్గే అవకాశం బడిలో లేదు. ఆ అవకాశాన్ని బడి బయట కట్టుకున్నారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. తెలుగులో చదివేవాడూ, మాట్లాడేవాడూ కళ్లెదుట కనపడే చోటు అది. ఒక గ్రంథాలయం నాలుగు ఊటలనూ ఒక్క కప్పు కిందికి తెచ్చింది. ఇప్పుడు ఆ స్థానంలో ఇంగ్లీషు ఉన్నది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెట్టారు. మంచిదా చెడ్డదా అన్న చర్చ అట్లా ఉంచి, నోరు తెరవటానికి వణికే పిల్లలకు ఆ వణుకు పోగొట్టే గ్రంథాలయం ఎక్కడున్నదని అడగవలసి ఉన్నది.

వై.బి.సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో రాసిన ‘మా నాయన బాలయ్య’ తెలుగులోనూ వచ్చింది. కరీంనగర్ జిల్లా వంగపల్లి నుంచి బయలుదేరిన ఒక మాదిగ కుటుంబం కథ అది. నిజాం ఇచ్చిన యాభై ఎకరాల్లో రెండెకరాలు మాత్రం మిగిల్చి దొర తీసుకుంటాడు. ఆ కుటుంబం ఊరు విడిచి రైల్వే పనిలో చేరుతుంది. కొడుకుల చదువుకోసం బాలయ్య పట్టుపడతాడు. కొడుకులు ఆచార్యులవుతారు. ఈ పుస్తకాన్ని ఒక మొండి తండ్రి విజయగాథగా చదివేవాళ్లు చాలామంది. కాని జాగ్రత్తగా చదివితే అందులో ఊటల లెక్క కనపడుతుంది. దొర నీడ అంత చిక్కగా పడని రైల్వే బతుకు ఉన్నది. నెల తిరిగితే చేతికి వచ్చే జీతం ఉన్నది. ముందు చదివిన అన్న వెనకాల తమ్ముడికి కళ్లెదుట ఉన్నాడు. ఊళ్లో నుంచి రైలు దాకా వెళ్లిన ఆ నడక లేకపోతే బాలయ్య పట్టుదల ఒక్కటీ ఏమి చేసి ఉండేది?

1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ గురుకులాల దారి ఎంత దూరం పోయిందో 2014 మే 25న తెలిసింది. నిజామాబాద్ జిల్లాకు చెందిన పదమూడేళ్ల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్ ఆమెతోపాటు ఎక్కాడు. పత్రికలు ధైర్యసాహసాలని రాశాయి. ధైర్యం ఉన్నది, కాదనను. కాని ముందు భువనగిరి గుట్ట ఉన్నది. ఆ తర్వాత డార్జిలింగ్, లడఖ్ ఉన్నాయి. అంచెలంచెలుగా ముట్టించటం అంటే ఇదే. భువనగిరి గుట్ట వేల సంవత్సరాలుగా అక్కడే ఉన్నది. కూలి ఇంటి పిల్లలను దానిమీదికి తాడుకట్టి తీసుకుపోవాలని ఒక వ్యవస్థ తలచింది. ఇది ఒకరిద్దరికి దొరికితే వార్త, అందరికీ దొరికితే హక్కు. మనం అడగవలసింది రెండవదాన్ని.

6

చివరగా మన రచయితలకు ఒక మాట. చదువుకునే పేదపిల్లల గురించి మనం చాలా కథలు రాశాం. వాటిలో ఎక్కువభాగం రెండు అచ్చుల్లో పోసినవే. ఒకటి అవమానం కథ. రెండవది అవమానాన్ని జయించి కలెక్టరో, డాక్టరో అయిన కథ. మొదటిది చదివితే కోపం వస్తుంది, రెండవది చదివితే సంతోషం కలుగుతుంది. రెండింటిలోనూ నేర్చుకోవటం అనే క్రమం కనపడదు. ఒక పిల్ల మొదటిసారి సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టిన క్షణం, తన వీధి అక్క నర్సు బట్టల్లో బస్సు దిగటం చూసిన ఉదయం, ఉపాధ్యాయుడు పేరుపెట్టి పిలిచి చదవమన్న రోజు, పిలవకుండా దాటిపోయిన వంద రోజులు మన కథల్లోకి రావటంలేదు. శ్రమను రాయటం నేర్చుకున్నాం. నేర్పును రాయటం ఇంకా నేర్చుకోలేదు. కలెక్టరైన పిల్లవాడి పట్టుదలను మాత్రమే పొగిడే కథ తెలియకుండానే మెరిట్ వాదానికి సాక్ష్యం చెబుతున్నది.

ఆ ప్రశ్నావళినుంచి మన రచయిత నేర్చుకోవలసింది ఈ శ్రద్ధనే. ఏ అనుభవం, ఎవరిచేత, ఏ వయసులో, ఎన్నిసార్లు అని అడిగే శ్రద్ధ. మన కథనుంచి ఆ ప్రశ్నావళి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉన్నది. అనుభవం ఇచ్చిందెవరు, ఆపిందెవరు అని అడగటం. ఈ రెండు ప్రశ్నలు లేని కొలత, గాయాన్ని కొలిచి కత్తిని చూడని కొలత. సాహిత్య విద్యార్థులు పరిశోధనకు విషయాలు దొరకటం లేదంటుంటారు. తెలుగు కథల్లో, ఆత్మకథల్లో మనుషులు ఏ పని ఎవరి దగ్గర ఎట్లా నేర్చుకున్నారో, ఎవరు నేర్చుకోనివ్వలేదో వెతికి చూడండి. ఒక జాతి ఆత్మవిశ్వాసపు చరిత్ర బయటపడుతుంది.

ఉపాధ్యాయులం కూడా ఈ లెక్కలో ఉన్నాం. నాలుగు ఊటల్లో కనీసం రెండు మన చేతుల్లో ఉన్నాయి. చేయించటం మన చేతుల్లో ఉన్నది, చెప్పే మాట మన నోట్లో ఉన్నది. కొత్తవాడ కుర్రవాణ్ణి ఈమధ్య మళ్లీ కలిశాను. పోగుల లెక్కను కాగితం మీద వేసి చూపించమన్నాను. వేశాడు. అది గుణకారమూ, నిష్పత్తీ కలిసిన లెక్క. నాకు రాలేదు. అతను నేర్పాడు. వెళ్లబోతూ, ‘ఇది లెక్కలే గదా సార్’ అన్నాడు. ఆ మాటకు ఎన్ని మార్కులు వేయాలో ఏ ప్రశ్నావళీ చెప్పదు. కాని అతను ఆ మాట డిగ్రీ రెండో సంవత్సరంలో అనవలసి వచ్చిందంటే, పదో తరగతిదాకా అతని ఎదుట నిలబడ్డ మేము ఏ లెక్కలు చెప్పినట్టు?